నీతి అడగని కథల పీరియడ్ కావాలి

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా విద్యాధికారి గారికి,

అయ్యా,

ఉప్పల్, నాచారం సర్కారు బడుల్లో వారానికో పీరియడ్ జానపద కథలకు ఇప్పించండి. పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే బిరుదురాజు రామరాజు గారు జానపద సాహిత్యాన్ని పరిశోధనకెక్కించారు.

ఏడు చేపల కథే చూడండి. ఎందుకు ఎండలేదని అడిగితే చేప గడ్డిమోపు మీద చెబుతుంది. మోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, వాడు చీమ మీద. తప్పు పక్కవాడి మీదికి నెట్టడమంటే ఏమిటో పిల్లలకు నవ్వులోనే తెలిసిపోతుంది. (ఆఫీసు ఫైళ్ల ఊసు నేనెత్తను.) చివర్న ‘ఇందులో నీతి ఏమిటి?’ అని మార్కుల ప్రశ్న మాత్రం పెట్టించకండి.

చెప్పడానికి బస్తీ అవ్వల్ని పిలవండి. నాచారం పారిశ్రామికవాడకు బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికుల పిల్లలుంటే, వాళ్ల ఇళ్లలోని కథలూ చెప్పించండి.

ఇట్లు,
నాచారం వాసి