మాత్ర కంటే ముందు టేపు రావాలి

తిరువళ్ళూరు జిల్లా కలెక్టర్ గారికి,



మా తిరుత్తణి వైపు తెలుగు ఇళ్ళలో మగపిల్లలకు నల్ల మొలతాడు కడతారు. పిల్లవాడు పెరిగేకొద్దీ ముడి వదులు చేస్తారు. మరీ బిగిసిపోతే తెంచి కొత్తది కడతారు. మా తొమ్మిదేళ్ళ మనవడికి పోయిన ఏడాది మూడుసార్లు మార్చాం. మూడోసారి మార్చిన రోజు మా ఆవిడ ఉప్పూ మిరపకాయలూ వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. బిడ్డ పుష్టిగా ఉన్నాడు కదా, ఎవరి కళ్ళయినా పడతాయని ఆమె భయం. తెగిన తాడు నా చేతిలోనే ఉంది. వాడి ఒంట్లో ఏం జరుగుతోందో ఆ దారానికి తెలిసింది, ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్ళం ఉండి మాకు తెలియలేదు.

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. వైద్యం చదవలేదు. అయినా ఈ లేఖ మీకే రాస్తున్నాను, ఎందుకంటే నేను అడగబోయే పనికి కొత్త ఆసుపత్రి అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. మీరు ఒక్క మాట చెబితే జిల్లాలో ప్రతి వీధికీ చేరే పని అది.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఆమెను పళ్ళిపట్టు దగ్గర నేతవాళ్ళ ఇంటికిచ్చాం. కాపురానికి వెళ్ళిన కొత్తలో గుంటమగ్గం మీద పని. పొద్దున్నే గుంటలో కాళ్ళు పెడితే మధ్యాహ్నం కూటికి లేచేది. పావులు తొక్కీ తొక్కీ పిక్కలు రాళ్ళలా ఉండేవి. తరవాత ఇంట్లోకి పవర్‌లూమ్ వచ్చింది. రాబడి కొంచెం పెరిగింది, ఒంటికి పని తగ్గింది. నలభై దాటేసరికి అక్క ఒళ్ళు చేసింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. "ఇప్పుడు కదమ్మా ఇంటి ఇల్లాలిలా ఉన్నావు" అన్నారు. పండక్కి వచ్చినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. మోకాళ్ళ నొప్పులంటే వయసు అనుకున్నాం. రవిక కుట్లు ఏటా విప్పుకుంటూ పోయింది, దర్జీ చేతి టేపు ఆ కొలతలన్నీ చెబుతూనే ఉంది. కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ నెలన్నరైనా మానకపోతే అప్పుడు నెత్తురు పరీక్ష చేయించాం. షుగరు ఎప్పటినుంచో ఉందన్నారు. చూపించిన చోట డాక్టరు చీటీ రాసిచ్చి "బరువు తగ్గాలి" అన్నారు. ఎలా తగ్గాలో, ఏం తినాలో ఎవరూ చెప్పలేదు. బయట యాభై మంది వరసలో ఉన్నారు, ఆయనకు మాత్రం తీరికెక్కడిది? వేలు తీసేశారు. రెండేళ్ళకు అక్క పోయింది.

అయ్యా, ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 40.4 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. మగవాళ్ళలో 37 మంది. అంతకు ముందు 2015–16 సర్వేలో ఆ లెక్కలు 30.9, 28.2. దేశం మొత్తానికి చూస్తే ఆడవాళ్ళలో 24, మగవాళ్ళలో 22.9 మాత్రమే. సరిహద్దు దాటితే వచ్చే ఆంధ్రప్రదేశ్‌లో 36.3, 31.1. అంటే నాలుగైదేళ్ళలో మన రాష్ట్రంలో నూటికి తొమ్మిది పది మంది కొత్తగా ఈ లెక్కలో చేరారు. అదే సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నాలుగోవంతు మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని కూడా ఉంది. ఒకే వీధిలో ఎదగని బిడ్డా, షుగరున్న తల్లీ కనిపిస్తున్నారు. తిండి ఎక్కువైందని ఒక్క మాటలో తేల్చేస్తే ఆ ఎదగని బిడ్డ సంగతి అర్థం కాదు. కడుపు నిండుతోంది, ఒంటికి కావలసింది అందడం లేదు.

ఆ సర్వే లెక్క కూడా మనవాళ్ళ విషయంలో తక్కువే చెబుతుంది. కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె 25 అయినా, దాటినా అధిక బరువని సర్వే లెక్క. మన దేశపు వైద్యులు మాత్రం 23 దగ్గరే హెచ్చరిస్తారు, 25 వస్తే స్థూలకాయమే అంటారు. అదే ఎత్తూ అదే బరువూ ఉన్న తెల్లవాడికంటే మనకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అదీ పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి బొర్ర మాత్రం ముందుకొచ్చినవాళ్ళు మన బజారులో ఎంతమంది కనిపించరు! వాళ్ళెవరూ తమను లావు అనుకోరు. అందుకే మనకు కాటా కంటే టేపు నిజం చెబుతుంది. కడపటి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలి కొలిస్తే, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. ఇంతే పరీక్ష. సూది లేదు, నెత్తురు లేదు, పరగడుపున రమ్మనడం లేదు.

ఇక నా విన్నపం. 2021 ఆగస్టులో మొదలైన మక్కళై తేడి మరుత్తువం మన రాష్ట్రం గర్వపడాల్సిన పథకం. వైద్యం మనిషిని వెతుక్కుంటూ ఇంటికొస్తుంది. ఆ ఊరి అమ్మాయే సంచీ తగిలించుకుని వచ్చి బీపీ చూస్తుంది, షుగరు చూస్తుంది, మాత్రలిచ్చి వెళుతుంది. ఆ సంచిలో ఒక టేపు పెట్టించండి. జబ్బు ఉన్నవాళ్ళను మాత్రమే కాదు, ఆ ఇంట్లో ఇరవై దాటిన ప్రతి మనిషినీ ఏడాదికొకసారి కొలిపించండి. ఆ అంకె ఇంటి గోడ మీదైనా రాసి వెళ్ళమనండి. మాత్ర గుమ్మం దాకా రాగలిగినప్పుడు, మాత్ర అవసరం రాకుండా చేసే మాట ఎందుకు రాకూడదు?

మాటతో ఏమవుతుందని ఎవరైనా అంటే, మన చెన్నైలోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన చూడమనండి. 2006లో అచ్చయింది. షుగరు గుమ్మంలో నిలబడ్డ 531 మందిని తీసుకున్నారు. కొందరికి రోజూ నడవమనీ, తెల్లన్నమూ తీపీ నూనే తగ్గించమనీ పదేపదే చెప్పారు. కొందరికి మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చారు. మూడేళ్ళకు చూస్తే మాత్ర వల్ల షుగరు వచ్చే ముప్పు 26.4 శాతం తగ్గింది, మాట వల్ల 28.5 శాతం తగ్గింది. ఇందులో నన్ను కదిలించింది ఇంకొకటి ఉంది. మాట విని అలవాట్లు మార్చుకున్నవాళ్ళ బరువు పెద్దగా తగ్గలేదు, అయినా జబ్బు వచ్చే ముప్పు తగ్గింది. కాటా ముందు నిలబడి సిగ్గుపడి మానేసే ఆడవాళ్ళకు ఈ ఒక్క సంగతి చెబితే ఎంత ధైర్యం!

ఆ మాట ఏ భాషలో చెప్పాలన్నది నేను వదలలేని విషయం. 1960 ఏప్రిల్‌లో మా తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మేమంతా తమిళం చదువుతాం, తమిళంలో బతుకుతాం, అందులో ఏ బాధా లేదు. కానీ వంటింట్లో, మంచం పక్కన, మా పెద్దాడవాళ్ళ నోట ఇంకా తెలుగే. ఆసుపత్రి గోడ మీద 'ఉడల్ పరుమన్' అని ఉంటుంది. తెలుగు పత్రికల్లో ఊబకాయం అని రాస్తారు. ఈ రెండు మాటలూ మా ఇళ్ళలోకి రావు. ఊబకాయం అంటే ఎవరో వేరే మనిషి, ఫొటోలో ఉండే మనిషి. మా ఇంట్లో ఉండేది 'ఒళ్ళు చేయడం', అది దీవెన. సన్నబడితే 'చిక్కిపోయావే' అని కన్నీళ్ళు పెట్టుకుంటాం. కరువులు చూసిన తరాలు నేర్పిన మాటలివి, తప్పనను. కానీ మాట మారకుండా మనసు మారదు. ఆ సంచీ మోసే అమ్మాయిల్లో మా వైపువాళ్ళకు చాలామందికి తెలుగు వచ్చు. "అత్తా, ఒళ్ళు చేయడం వేరు, నడుము పెరగడం వేరు" అని ఇంటి భాషలో చెప్పడం వాళ్ళకు శిక్షణలో నేర్పించండి. అత్తా అని పిలిచే పిల్ల చెబితే విన్నంతగా గోడ చెబితే వినరు.

తిండి సంగతి చెప్పాలంటే నాకు జంకుగానే ఉంది. రేషన్ బియ్యం మా ఊళ్ళను ఆకలి నుంచి కాపాడింది, దాన్ని తక్కువ చేసే నోరు నాకు లేదు. అయితే అదే అంగడిలో బియ్యం ఉచితంగా, పామాయిల్ లీటరు 25 రూపాయలకు, చక్కెర చవకగా దొరికే చోట, కూలి చేసుకునే ఇల్లాలు వండేది ఏమవుతుంది? రాశిగా అన్నం, నూనె తేలే పులుసు, మూడు పూటలా తీపి టీ. మా చిన్నప్పుడు ఇంట్లో రాగిసంగటి ఉండేది, ఎండలకు అంబలి ఉండేది. ఇప్పుడు అంబలి ఆడిమాసంలో అమ్మవారి గుడి దగ్గర పోసినప్పుడే తాగుతున్నాం. 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రేషన్ బియ్యంలో రెండు కిలోలకు బదులు రాగులిచ్చారు. కావాలన్నవాళ్ళకు మన జిల్లాలోనూ ఇప్పించమని పైకి రాయండి. రాగి మంత్రమేమీ కాదు, సంగటి ముద్ద మీద ముద్ద తింటే అదీ నడుముకే చేరుతుంది. కానీ పప్పూ ఆకుకూరా లేకుండా సంగటి గొంతు దిగదు. ఆ ముద్ద వెంట అవీ పళ్ళెంలోకి వస్తాయని నా ఆశ.

పిల్లల గురించి. 2024 జులై 15న ముఖ్యమంత్రి ఉదయపు అల్పాహార పథకాన్ని గ్రామాల్లోని ఎయిడెడ్ పాఠశాలలకు విస్తరించింది మన జిల్లాలోని కీళచ్చేరిలోనే. ప్రభుత్వం వేడిగా వండి పెట్టే ఆ ఉప్మా, పొంగలి, కూరగాయల సాంబారు తిన్న పిల్లవాడు విరామంలో గేటు బయట పెట్టి అంగడికి పరుగెత్తుతాడు. అయిదు రూపాయలకు చిప్సు, పది రూపాయలకు రంగునీళ్ళు. 2020 నాటి ఆహార భద్రత నియమాల ప్రకారం బడిలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారాలు పిల్లలకు అమ్మకూడదు. ఈ సంగతి తెలిసిన అంగడివాణ్ణి నేనింకా చూడలేదు. వాళ్ళ మీద జరిమానాలతో పడమని అడగడం లేదు. వాళ్ళలో సగంమంది భర్తలు లేని ఆడవాళ్ళు. వేరుశెనగ ఉండలు, ఉడికించిన చిలగడదుంప, జామకాయ, నీళ్ళ మజ్జిగ అమ్ముకునేందుకు వాళ్ళకు చిన్న అప్పు దొరికేలా చూడండి. గేటు దగ్గర 50 మీటర్ల గీత గీయించండి.

ఇంకొకటి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నేను పనిచేసిన రోజుల్లో లావుగా ఉన్న ఒక పిల్లవాణ్ణి తోటివాళ్ళు 'గుమ్మడికాయ' అనేవారు. ఆటల పీరియడులో ఎవరూ తమ జట్టులో చేర్చుకునేవారు కాదు. వాడు చెట్టు కింద కూర్చునేవాడు. పరుగు ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాణ్ణే కూర్చోబెట్టాం. నేను చూస్తూ ఊరుకున్నాను. బడుల్లో నడుము కొలిచే పని పెడితే దయచేసి చాటుగా, తల్లి పక్కన ఉండగా పెట్టించండి. అంకె తరగతిలో చదివించవద్దు. వెక్కిరింపు ఎవరినీ సన్నబరచలేదు, మరో చిప్సు ప్యాకెట్టు దగ్గరికే పంపింది.

నడవమంటారు సరే, ఎక్కడ నడవాలి? 2023 నవంబరులో నడప్పోం నలం పెరువోం పేరుతో జిల్లాకొక ఎనిమిది కిలోమీటర్ల నడకదారి పెట్టారు. మంచి పని. కానీ శ్రీపెరుంబుదూరు, ఒరగడం కంపెనీ బస్సు ఎక్కేందుకు చీకటితో లేచే మా అమ్మాయి, షిఫ్టు దిగి వచ్చి మళ్ళీ నడకదారి దాకా వెళ్ళలేదు. ఆమెకు కావలసింది బస్సు దిగిన చోటి నుంచి ఇంటిదాకా దీపం ఉన్న దారి. బళ్ళూ బైకులూ ఆక్రమించని రెండడుగుల కాలిబాట.

మాకైతే దేవుడే ఒక దారి వేసి పెట్టాడు. తిరుత్తణి కొండకు 365 మెట్లు, ఏడాదిలో రోజుకొకటి. డిసెంబరు 31న మెట్టుమెట్టుకూ పూజ చేసి పాడుకుంటూ ఎక్కుతారు. మిగతా రోజుల్లో చాలామందిమి కారులోనో ఆటోలోనో పైకి పోతున్నాం. చేతనైనవాళ్ళు వారానికి రెండుసార్లు ఆ మెట్లు నెమ్మదిగా ఎక్కితే ఒంటికీ మేలే. ఆ దారి తెల్లవారుజామున శుభ్రంగా ఉండాలి, తాగునీరుండాలి, మోకాళ్ళు నొచ్చేవాళ్ళు కూర్చునే చోటుండాలి. ఇక తిరువళ్ళూరు స్వామికి వైద్య వీరరాఘవుడనే పేరుంది. రోగాలు పోవాలని అమావాస్యకు ఎక్కడెక్కడినుంచో వచ్చి కోనేట్లో బెల్లం కలిపి మొక్కుకుంటారు. ఒళ్ళు బాగుండాలనే కోరికతో అంతమంది ఒకేచోటికి వచ్చే రోజు మరి దొరకదు. 2022 నుంచి ఊళ్ళోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులను అమావాస్య అమావాస్యకూ టేపులతో కోనేటి గట్టు మీద కూర్చోబెట్టండి. వాళ్ళకూ అది చదువే.

తిరుత్తణిలో ఆడికృత్తికకు కావళ్ళు వస్తాయి. కొండ కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక తెర, ఒక టేపు వేయించండి. తెలుగులో చెప్పే పని నాది. కరపత్రం నేను రాసిస్తాను, వైద్యులు చూసి దిద్దితే చాలు. పండగ జరిగినన్ని రోజులూ కూర్చుంటాను. మొదటి కొలత నాదే తీయమంటాను. నాకు 97 ఉంది.

ఇట్లు,
తిరుత్తణి నుంచి
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు