18 బైట్ల అక్షరం

ఇవాళ తెలుగులో మంచి కవిత్వం చాలావరకు మొదట ఫేస్‌బుక్‌లోనే కనిపిస్తోంది. పుస్తక పరిచయాలు, ఊరి చరిత్రలు, కథల మీద వాదోపవాదాలు, చిన్ననాటి జ్ఞాపకాలు, అన్నీ అక్కడే. వాటిలో కొన్ని తర్వాత పుస్తకాలవుతున్నాయి. కాని మిగతావాటి గతేమిటి? నాలుగేళ్ల కిందట చదివిన ఒక మంచి వ్యాసాన్ని మళ్లీ పట్టుకోవాలంటే వేలు నొప్పి పుట్టేదాకా తెరను కిందికి జరుపుతూ పోవాలి. రాసినవారి ఖాతా పోతే దాంతోపాటు రాతా పోతుంది. ఒక తరం తెలుగు రచన సొంత చిరునామా లేకుండా బతుకుతోందన్న సంగతి నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది.

మనం ఎప్పుడూ ఇలా లేము. తెలుగు బ్లాగులు వెల్లువెత్తిన రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు వాటన్నిటినీ ఒకచోట చూపించేవి. వాటిని నడిపింది భాష మీద ఇష్టం ఉన్న కొద్దిమంది ఔత్సాహికులు. ప్రతి బ్లాగూ తన కొత్త టపాల జాబితాను ఫీడు రూపంలో బయటికి ఇచ్చేది కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా సంకలిని కట్టగలిగారు. తర్వాత కబుర్లు గూగుల్ బజ్‌లోకి, ప్లస్‌లోకి మారాయి. బజ్ 2011 చివర్లో, గూగుల్‌దే అయిన ఆర్కుట్ 2014లో, ప్లస్ 2019లో మూతపడ్డాయి. అక్కడ రాత్రుళ్లు మేలుకొని చేసిన చర్చలు ఇప్పుడు చదువుదామంటే దొరకవు. ఆనాటి బ్లాగులు మాత్రం చాలావి ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి.

ఆ ఫీడు వెనకున్న ఆలోచనే ఇప్పుడు ఇంకా బలమైన రూపంలో తిరిగొచ్చింది. వెబ్ ప్రమాణాలను తయారుచేసే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌ను ఆమోదించింది. జీమెయిల్ ఉన్నవారు యాహూ ఉన్నవారికి మెయిల్ పంపగలిగినట్టే, ఒక సర్వర్‌లో ఖాతా ఉన్నవారు మరో సర్వర్‌లో ఉన్నవారిని అనుసరించడానికి, వారికి బదులివ్వడానికి ఇది దారి వేసింది. జర్మనీలో యూజెన్ రోచ్‌కో 2016లో మొదలుపెట్టిన, ట్విట్టర్‌ను పోలిన మాస్టోడాన్ ఈ దారిలో అందరికీ తెలిసిన పేరు. ఫ్రాన్స్‌లో ఫ్రామాసాఫ్ట్ అనే సంస్థ వీడియోల కోసం పీర్‌ట్యూబ్ కట్టింది. ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్ ఉంది. అన్నిటి కోడూ బహిరంగమే.

తెలుగు రచయితకు వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది, సొంత సైటు నడపడానికి వాడే వర్డ్‌ప్రెస్ కోసం మథియాస్ ఫెఫర్లే రాసిన యాక్టివిటీపబ్ ప్లగిన్ అని నా అభిప్రాయం. 2023లో ఆటోమాటిక్ కంపెనీ దాన్ని తీసుకొని, ఆయన్నూ పనిలో చేర్చుకుంది. ఈ ప్లగిన్ పెట్టుకున్న సైటులో టపా ప్రచురిస్తే అది నేరుగా మాస్టోడాన్‌లో మిమ్మల్ని అనుసరించేవారికి చేరుతుంది. వారిచ్చిన జవాబు మీ టపా కింద వ్యాఖ్యగా వచ్చి కూర్చుంటుంది. రచన మీ చిరునామాలోనే ఉంటుంది, పాఠకులు ఎక్కడున్నా అది అక్కడికి వెళ్తుంది.

అయితే దారి వేస్తే జనం వస్తారా? 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాను నిలిపేసినప్పుడు మన దేశంలో చాలామంది కోపంతో మాస్టోడాన్‌కు మారారు. ఎక్కువమంది అక్కడ నిలవలేదు. తెలిసినవారు కనిపించకపోతే ఎవరుంటారు? ఆ వెలితి ఒకనాటికి తీరుతుంది. కాని పనిముట్టే మన భాషను సరిగా పట్టుకోలేకపోతే వచ్చినవారూ ఉండరు. నేను ఈ వారం చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

‘స్త్రీ’ అన్న మాట తీసుకోండి. మనకు అది ఒకే అక్షరం. కంప్యూటరు దాన్ని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే ఈ ఒక్క అక్షరం 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. ఇక అక్షరాలను లెక్కపెట్టడంలో, ఈ సంకేతాలను నిర్ణయించే యూనికోడ్ ప్రమాణపు పాత నియమం దీన్ని మూడుగా లెక్కించేది. 2023లో వచ్చిన 15.1 కూర్పు సంయుక్తాక్షరాల నియమాన్ని సవరించాక ఒకటిగా లెక్కిస్తోంది. దాంతో పాత కోడు లైబ్రరీ వాడే పనిముట్టు ఒక లెక్క చెబుతుంది, కొత్తది వాడేది మరో లెక్క చెబుతుంది. ట్విట్టర్ లాంటిదే అయిన బ్లూస్కైలో ఒక పోస్టుకు 300 అక్షరాలు, 3000 బైట్లు పరిమితి. ఎన్ని అక్షరాలు మిగిలాయో చూపే అంకె తెలుగులో రాసేవారికి ఒక్కో యాప్‌లో ఒక్కో రకంగా కనబడిందంటే కారణం ఇక్కడుంది.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది లింకు. పోస్టులో ఏ మాట మీద లింకు పెట్టాలో బ్లూస్కై వాడే ఏటీ ప్రోటోకాల్ బైట్ల లెక్కలో చెప్పమంటుంది. జావాస్క్రిప్ట్‌లో రాసే ప్రోగ్రామరు అలవాటు కొద్దీ ఆ భాష ఇచ్చే నిడివినే పంపేస్తాడు. ఇంగ్లీషులో రెండూ ఒకటే కాబట్టి పరీక్షలో ఏ తప్పూ బయటపడదు. ‘నా కొత్త కథ ఇక్కడ’ అని రాసి ‘ఇక్కడ’ మీద లింకు పెట్టామనుకుందాం. అది సున్నా నుంచి లెక్కిస్తే 30వ బైటు దగ్గర మొదలవ్వాలి. జావాస్క్రిప్ట్ చెప్పే అంకె 12. ఆ 12వ బైటు ‘కొ’ అక్షరంలో ఒత్వానికి నడుమ పడుతుంది. ఇక లింకు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రాసిన ప్రోగ్రామరుకు దురుద్దేశమేమీ లేదు. అతని బల్ల దగ్గర తెలుగు వాక్యం ఒక్కటీ లేదు, అంతే.

వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెట్టినవారికి మరో బాధ తెలుసు. వాట్సాప్‌లో లింకు పంపితే శాతం గుర్తులతో కొల్లేటి చాంతాడంత పొడుగు వస్తుంది. ఒక్కో తెలుగు సంకేతం చిరునామాలో తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ఆ చిరునామా ముక్కకు డేటాబేసులో 200 గుర్తుల చోటే ఉంది. అంటే 22 సంకేతాలు దాటాక చిరునామాలో శీర్షిక తెగిపోతుంది. అందుకే ఎంతోమంది తెలుగు టపాకు ఇంగ్లీషు చిరునామా తగిలించడం అలవాటు చేసుకున్నారు. ఎందుకు అలవాటు చేసుకోవాలి?

‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. అది లేకపోతే వ కాస్తా వత్తుగా మారి ట కిందికి వెళ్లిపోతుంది. హ్యాష్‌ట్యాగును గుర్తించే కోడు ఆ కనబడని అక్షరం దగ్గర ఆగిపోతే ‘సాఫ్ట్’ వరకే ట్యాగు అవుతుంది. మాస్టోడాన్ కోడులో దానికి చోటిచ్చారు. అలా చోటివ్వగలిగారంటే కోడు తెరిచి ఉండటం వల్లే. కంపెనీ గుప్పిట్లో ఉన్న యాప్‌లో తెలుగు విరిగితే మనం చేయగలిగింది అర్జీ పెట్టుకోవడం. ఓపెన్ సోర్స్‌లో అయితే తప్పున్న వరుసను చూడొచ్చు, సవరించి పంపొచ్చు, అందరికీ కనబడేలా వాదించొచ్చు. హైదరాబాదు నుంచి అమెరికా దాకా సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువాళ్లు ఇంతమంది ఉండగా ఈ పని ఇంకెవరో చేయాలని కూర్చోవడం నాకు మింగుడుపడటం లేదు. ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులతో ఏళ్లుగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మన దగ్గరే ఉంది.

కోడు తెరిచి ఉండటానికి లైసెన్సే కాపలా. 2021లో డొనాల్డ్ ట్రంప్ సంస్థ ప్రకటించిన ట్రూత్ సోషల్ మాస్టోడాన్ కోడునే వాడుకొని ఆ సంగతి చెప్పలేదు. మాస్టోడాన్ కోడుకున్న ఏజీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్సు కోడు బయటపెట్టాలని ఆ సంస్థకు మాస్టోడాన్ లేఖ రాసింది. వారాల్లోనే దాన్ని బయటపెట్టక తప్పలేదు.

లోపాలు లేవనను. మాస్టోడాన్‌లో ఒక సర్వర్ నుంచి మరోదానికి మారితే అనుసరించేవారు మీతో వస్తారు, పాత పోస్టులు రావు. రచయితకు ఇది చిన్న నష్టం కాదు. బ్లూస్కై పద్ధతిలో రాసినదంతా వెంట తీసుకెళ్లొచ్చు, కాని అత్యధికుల ఖాతాలు ఇంకా ఆ ఒక్క కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. యాక్టివిటీపబ్ రూపకర్తల్లో ఒకరైన క్రిస్టీన్ లెమ్మర్-వెబర్ 2024లో బ్లూస్కైలోని ఈ కేంద్రీకరణను వివరంగా విమర్శించారు. నేను ఆమె వైపే. మూల ప్రతి సొంత సైటులో ఉంచి, ఈ రెండింటికీ నకళ్లు పంపడమే ఇప్పటికి రచయితకు క్షేమం.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. పీర్‌ట్యూబ్, పిక్సెల్‌ఫెడ్ లాంటి వాటికి నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ ఫౌండేషన్ సాయం చేసింది. మన దేశంలో స్టాక్ బ్రోకరేజీ సంస్థ జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ కోసం ఏడాదికి 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. తెలుగు పనిముట్ల కోసం అక్కడ తలుపు తట్టాలి.

ప్రభుత్వాలకూ ఇందులో వాటా ఉంది. 2023 జూన్ చివర్లో ట్విట్టర్ లాగిన్ కానివారికి పోస్టులు చూపించడం మానేసింది. ప్రభుత్వం అక్కడ పెట్టిన తుపాను హెచ్చరిక కోసం తీరంలో వెతికే మనిషి ముందు ఖాతా తెరవాలా? జర్మనీలో సమాచార రక్షణ కమిషనర్ కార్యాలయం ప్రభుత్వ శాఖల కోసం సొంత మాస్టోడాన్ సర్వర్‌నే నెలకొల్పింది. మన రెండు రాష్ట్రాల విపత్తు నిర్వహణ సంస్థలు హెచ్చరికను ముందు సొంత సైటులో, తెలుగులో, తెరిచిన ప్రోటోకాల్‌లో పెట్టి, ఆ తర్వాత ఎక్స్‌కు, ఫేస్‌బుక్‌కు పంపితే అదనంగా పోయేదేమీ లేదు.

వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. ప్రచురణ పనిముట్లన్నిటినీ పరీక్షించడానికి ఒక తెలుగు ఫైలు తయారుచేద్దాం. అందులో ‘స్త్రీ’ ఉండాలి, ‘సాఫ్ట్‌వేర్’ ఉండాలి, 22 సంకేతాలు దాటిన శీర్షిక ఉండాలి, వాక్యం చివర లింకు ఉన్న తెలుగు పోస్టు ఉండాలి, తెలుగూ ఇంగ్లీషూ కలిసిన హ్యాష్‌ట్యాగు ఉండాలి. ఒక్కోదానికీ రావాల్సిన సరైన జవాబు పక్కనే రాసి ఉండాలి. దాన్ని ఎవరైనా వాడుకునే లైసెన్సుతో పెట్టి, మాస్టోడాన్, పిక్సెల్‌ఫెడ్, వర్డ్‌ప్రెస్ ప్లగిన్, బ్లూస్కై యాప్‌లు రాసేవారందరికీ పంపాలి. భాష తెలిసినవారు మాటలు సమకూర్చాలి, కోడు తెలిసినవారు జవాబులు సరిచూడాలి. మాటలు పోగుచేసే పనికి నేను సిద్ధం.