శిల్పాన్ని అడుగుల్లో కొలిచేవారితో

మనకు శిల్పాన్ని కొలవటం వచ్చినంతగా చూడటం రాదు. మిత్రులకు ఈ మాట కటువుగా తోచవచ్చు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం ఎత్తు 125 అడుగులని ఎవరైనా చెబుతారు. శిల్పి రామ్ సుతార్ అని ఎందరు చెప్పగలరు? మహనీయులకు విగ్రహాలు వద్దని నేననటం లేదు. విగ్రహమొక్కటే శిల్పమనుకోవటం మీదే నా తగువంతా.

1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులోనూ బరోడాలోనూ చదువుకున్న కె. లక్ష్మాగౌడ్ కంచుతోనూ మట్టితోనూ చేసిన తలలు చూడండి. అవి నాయకులవీ కావు, దేవుళ్ళవీ కావు. పేరు లేని పల్లె స్త్రీపురుషులవి. ఎవరిదీ బొమ్మ అని అడిగేవారికి అక్కడ జవాబు దొరకదు. ఆయన సిరాతో గీసిన పాత రేఖాచిత్రాల్లో మనుషులూ మేకలూ చెట్లూ ఒకే కామనతో పెనవేసుకుని ఉంటాయి. ఆ గీతే తరువాత కంచులోకి, మట్టిలోకి నడిచింది. అందుకే ఆయన బొమ్మలనూ గీతలనూ వేరు చేసి చూపితే సగమే చూపినట్లు.

ఆధునిక శిల్పం సామాన్యులకు అర్థం కాదని ఒక వాదం తరచూ వింటుంటాను. దీనికి ఖాజాగూడ గుట్టే సమాధానం. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు బండలవి. ఆదివారం పూట వాటినెక్కే సాఫ్ట్‌వేరు కుర్రవాడు ఇది ఎవరి విగ్రహమని అడగడు. ఒక బండ మీద మరో బండ ఎలా నిలిచిందో, దాని వంపెక్కడ తిరిగిందో చూస్తాడు, చేత్తో తడుముతాడు. శిల్పం చూడటానికి కావలసిన చదువు అంతే. ఆ చూపు అతనికి ఉంది. చూడటానికి చోటే లేదు.

ప్రైవేటు గ్యాలరీలో ప్రదర్శన కొద్ది రోజుల ముచ్చట. ఆపైన బొమ్మలు కొన్నవారి ఇళ్ళకు చేరి తలుపులు మూసుకుంటాయి. కొన్నవారిని నేను తప్పుపట్టను. కానీ ప్రజలకు మిగిలేదేమిటి? రాష్ట్ర కళాప్రదర్శనశాల ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, మాదాపూర్‌లోనే ఉంది. అక్కడ లక్ష్మాగౌడ్ బొమ్మలూ గీతలూ పక్కపక్కన, ఏడాది పొడుగునా, రుసుము లేకుండా చూసే ఒక గది ఉండాలని కోరటం అత్యాశా? ఇన్ని అద్దాల మేడలు కట్టిన ఊరికి ఒక్క గది బరువవుతుందా?

అడుగుల లెక్కలకేం, అవి రేపటి పత్రికలోనూ వస్తాయి. మనం అడగవలసింది ఆ గదిని.