లోపలికి దూరే గాలి

కారులో లీకు అనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది నేలమీది మరక. ఆయిలు కారితే నల్లని చుక్క, రేడియేటరు కారితే తడి, పెట్రోలు కారితే వాసన. ఈ మూడూ తమ ఉనికిని తామే చాటుకుంటాయి. నాల్గవది ఒకటున్నది, అది కారదు, పీలుస్తుంది. బయటి గాలి దొంగదారిన ఇంజనులోనికి చొరబడుతుంది. మెకానిక్కులు దీనిని వాక్యూమ్ లీకు అంటారు. మరక లేదు, వాసన లేదు. అందుచేత ఈ జబ్బు చేసిన కారుకు ప్లగ్గులు మారతాయి, పెట్రోలు పంపు మారుతుంది, సెన్సర్లు సైతం మారతాయి. చవుకైన రబ్బరు గొట్టం ముక్క మాత్రం చిట్టచివరికి గాని మారదు.

సూరత్ నగరం నుంచి హజీరా రేవుకు పోయే దారిలో ఇచ్ఛాపూర్ ఉన్నది. మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురానికీ దీనికీ పోలిక పేరులోనే. పారాదీప్ వరకు దేశానికి అడ్డంగా సాగే 53వ నంబరు జాతీయ రహదారి హజీరాలోనే మొదలవుతుంది గనుక, ఈ వైపున లారీల రద్దీకి కొదవ లేదు. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు నగరంలో వేలసంఖ్యలో ఉన్నాయి. అటువంటి కుటుంబీకుడొకడు ఇచ్ఛాపూర్‌లో కాపురముంటున్నాడనీ, అతనికి పెట్రోలుతోను, సి.ఎన్.జి. తోను నడిచే పాత చిన్నకారు ఉన్నదనీ అనుకుందాం. రోడ్డుమీద కారు బాగానే పరుగెడుతుంది. సిగ్నలు దగ్గర ఆగితే మాత్రం వణుకుతుంది; మరి కాసేపటికి ప్రాణం విడుస్తుంది.

పరుగులో లేని జబ్బు నిలకడలో ఎందుకు కనబడుతున్నది? రోగనిదానమంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది.

పెట్రోలు ఇంజను ఒక విధంగా గాలిని తోడే పంపు. యాక్సిలరేటరు మీద కాలు తీసినప్పుడు థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుంటుంది. పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. దానితో ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనం పడిపోతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న సూరత్ వంటి చోట, ఆరోగ్యంగా ఉన్న ఇంజనుకు గేజి తగిలిస్తే ముల్లు సాధారణంగా 17 నుంచి 22 అంగుళాల పాదరసం మధ్య కదలక నిలుస్తుంది. అదే కారును హైదరాబాదుకు తెస్తే ముల్లు ఇంచుమించు రెండంగుళాలు తక్కువ చూపుతుంది. అది జబ్బు కాదు, ఊరి ఎత్తు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి బరువు తగ్గుతుందని 1648లో పాస్కల్ తన బావను పాదరసపు గొట్టంతో కొండ ఎక్కించి నిరూపించిన సత్యమే ఇది. గేజి కొన్న హైదరాబాదు పాఠకుడు కంగారుపడి గారేజీకి పరుగెత్తనవసరం లేదు.

ఇంజను నిలకడగా తిరిగేటప్పుడు దానికి కావలసిన గాలి బహు స్వల్పం, చూషణశక్తి మాత్రం అత్యధికం. చీలిన గొట్టం గుండా దూరే గాలి అప్పుడు మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి ఉండవలసిన మిశ్రమం పలచబడుతుంది. థ్రాటిల్ తెరిచి వేగం పెంచితే ఇంజను గాలిని కుంచాలతో తాగుతుంది. దొంగగాలి ఆ ప్రవాహంలో లెక్కకు రాదు. అందుకే పరుగులో సుఖం, నిలకడలో వణుకు.

కొత్త కార్లలో ఈ లక్షణం కొంత మరుగుపడుతుంది. భారత్ స్టేజ్-3 ప్రమాణాలు 2005 ఏప్రిల్ 1న మొదట అమలయిన కొద్ది నగరాలలో సూరత్, హైదరాబాదు రెండూ ఉన్నాయి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెప్పిన మాట విని కంప్యూటరు పెట్రోలు పెంచుతూ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. తన వల్ల కానప్పుడే దీపం వెలిగిస్తుంది. మానిఫోల్డు పీడనాన్ని కొలిచే కార్లలోనయితే ఇంజను ఆగిపోవడానికి మారుగా నిలకడలో కూడా అతివేగంగా తిరగవచ్చు. రెండు భిన్నమైన ఫిర్యాదులకు ఒకే చిల్లు కారణమన్నమాట.

ఇంటిదగ్గర వెదకబూనినవాడు కారును ఆరుబయట నిలపాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపడమంటే కార్బన్ మోనాక్సైడును పీల్చడమే. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతులూ బట్టలూ బెల్టులకు, ఫ్యానుకు దూరంగా పెట్టుకోవాలి; ఎలక్ట్రిక్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది. మొదటి పరికరం చెవి. గజమెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిదగ్గర పెట్టుకొని, రెండవ కొసను కీళ్ళ వెంట నడిపిస్తే, పాము బుస వంటి చప్పుడు ఒకచోట హఠాత్తుగా హెచ్చుతుంది. ఆయిలు మూత, డిప్‌స్టిక్, క్రాంక్‌కేసు ఆవిరిని మానిఫోల్డుకు చేర్చే గొట్టం, ఇవి చాలామంది మరచే స్థలాలు. సి.ఎన్.జి. కిట్టు బిగించేటప్పుడు గ్యాసు నాజిళ్ళకోసం మానిఫోల్డుకే రంధ్రాలు చేయడం కద్దు. మన కుటుంబీకుని కారులో తొలి అనుమానం వాటిమీదనే పడాలి.

చెవికి అందనిది నీటికి అందుతుంది. ఇస్త్రీ బట్టలమీద చిలకరించే సీసాలో సబ్బునీరు పోసి, ఒక్కొక్క కీలుమీద కొద్దిగా కొట్టాలి. చిల్లుమీద పడిన నీరు క్షణకాలం దానిని మూస్తుంది. ఇంజను స్వరం మారుతుంది. కంప్యూటరు వెంటనే సర్దుకుంటుంది గనుక ఆ క్షణాన్ని చెవి ఒగ్గి పట్టుకోవాలి. ఇగ్నిషన్ కాయిళ్ళమీద, కాగిన పొగగొట్టం మీద నీరు పడరాదు. గుడ్డ చుట్టిన పట్టకారుతో సన్నగొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చూడడం మరొక పద్ధతి. ఏది నొక్కితే వణుకు తగ్గుతుందో, చిల్లు దాని ఆవలి వైపున ఉన్నట్లు.

నీటికి మారుగా కార్బురేటర్ క్లీనరు చల్లేవారున్నారు, అగరువత్తి పొగ చూపేవారున్నారు. రెండూ పనిచేస్తాయి, కారును తగలబెట్టనూ గలవు. గ్యాసు సిలిండరున్న కారు దగ్గర అగరువత్తి మాట తలపెట్టనే కూడదు. అది పూజగదిలో ఉండవలసిన వస్తువు. గారేజీలో ఇంజను ఆపి, స్వల్ప పీడనంతో పొగ నింపే యంత్రం ఉంటుంది; ఇంట్లో ఫలించనప్పుడు ఆ రుసుము దండుగ కాదు.

వణుకుడు భరించదగ్గదే. భరించరానిది ఒకటున్నది: బ్రేక్ బూస్టరు. పాదం బలాన్ని హెచ్చించే ఆ గుండ్రని డబ్బా మానిఫోల్డు నుంచి వచ్చే లావుపాటి గొట్టంమీద ఆధారపడి బతుకుతుంది. ఆ గొట్టం చీలినా, డబ్బాలోని పొర చినిగినా ఇంజనూ వణకవచ్చు, బ్రేకూ బిగుసుకోవచ్చు. బ్రేకు పూర్తిగా పోదు. కాని ముందున్న లారీ ఆగినప్పుడు, అలవాటయిన ఒత్తిడికి కారు ఆగదు.

దీనికి పరీక్ష ఒక్క నిమిషం పని. ఇంజను ఆపి, పెడలును గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. ఆపైన కాలు అలాగే అదిమి ఉంచి ఇంజను స్టార్టు చేయాలి. బూస్టరు సవ్యంగా ఉంటే పెడలు కాలికింద కొంచెం దిగుతుంది. దిగకపోయినా, తొక్కినప్పుడల్లా బుస వినిపించి ఇంజను తడబడినా, ఇచ్ఛాపూర్ కుటుంబీకుడు ఆ కారును హజీరా రోడ్డెక్కించక, మెకానిక్కునే ఇంటికి పిలిపించుకోవాలి.