పుట్టినరోజు పంక్తిభేదం

ఇతరులను తిట్టబోయే ముందు సొంత గడప చూపించడం మర్యాద. కనుక మా అమ్మాయి ఆరో పుట్టినరోజున నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

హైదరాబాదులోని మా ఫ్లాటుకు ఇరవైమంది పిల్లలు వచ్చారు. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కూతురు కూడా వచ్చింది. పిలిచింది మా అమ్మాయే. ఆ పిల్ల తలలో కనకాంబరాలు, చేతిలో రంగుకాగితం చుట్టిన పెన్సిళ్ల డబ్బా. కేకు, సమోసా, చిప్సు పెట్టిన ప్లేట్లు హాల్లో అందరికీ అందాయి. ఆ పిల్ల ప్లేటు మాత్రం వంటింట్లోకి వెళ్లింది. "అమ్మ దగ్గర కూర్చుని తిను తల్లీ" అన్నది ఎవరో కాదు, నేనే. ప్రేమగానే అన్నాననుకున్నాను. చివర్లో రిటర్న్ గిఫ్టు ఒకటి తక్కువ పడింది. ఎవరికి తక్కువ పడిందో చెప్పనక్కరలేదు. చేతిలో చాక్లెట్ పెట్టి పంపేశాను.

మర్నాడు మా అమ్మాయి అడిగింది: "తను నాకు ఇచ్చింది కదా నాన్నా, మనమెందుకు ఇవ్వలేదు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ తప్పుకు మాత్రం మన భాషలో పేరుంది: పంక్తిభేదం. ఒకరి విస్తరిలో నెయ్యి పోసి పక్క విస్తరిని దాటిపోవడం పాపమని పెద్దలనేవారు. అలా అన్నవారే కులాన్నిబట్టి బంతులు వేరుచేశారన్నదీ నిజమే. వారిని నెత్తిన పెట్టుకొమ్మని నేననడం లేదు. బంతిలోపల వారు పాటించిన న్యాయం ఇంటికి వచ్చిన ప్రతి పిల్లకూ దక్కాలంటున్నాను.

ఇక కానుకల సంగతి. పెళ్లి చదివింపుల పద్దును తెచ్చి పసిపిల్లల పండుగకు అంటగట్టాం. పెళ్లిలో ఆ పద్దుకు అర్థముండేది. పెద్ద ఖర్చు మీదపడ్డ ఇంటికి బంధువులు తలా కాస్త సర్దేవారు, వారింట శుభకార్యానికి అది తిరిగి వెళ్లేది. ఆరేళ్ల పిల్ల పుట్టినరోజున తీర్చవలసిన అప్పేముంది?

"రిటర్న్ గిఫ్టంటే పేరంటంలో వాయనం వంటిదేగా" అని కొందరు సమర్థిస్తారు. కానేకాదు. పేరంటానికి పిలవడంలో వివక్ష ఉండేది, భర్త పోయిన స్త్రీకి పిలుపే ఉండేది కాదు. కానీ వచ్చినవారు ఏమీ తేనక్కరలేదు. నానబెట్టిన శనగలు, తాంబూలం అందరి చేతుల్లోనూ పడేవి. రిటర్న్ గిఫ్టు తెచ్చినదానికి బదులు. బదులన్న మాట వచ్చాక, తేలేని పిల్లవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

"కానుకలు వద్దు" అని ఆహ్వానంలో రాసి చేతులు దులుపుకునేవారికీ ఒక మాట. మీ మాట నమ్మిన పిల్లవాడు ఖాళీ చేతులతో నిలబడి, నమ్మనివారు తెచ్చినవి బల్లమీద గుట్టపడుతుంటే చూస్తాడు. తెచ్చినవాటిని చప్పుడు లేకుండా లోపల పెట్టండి. అందరూ వెళ్లాకే విప్పండి. మీరేదైనా పంచదలిస్తే, ఏమీ తేనివారికి కూడా సరిపోయేలా నాలుగు ఎక్కువే కొనండి.

ఇదంతా అసాధ్యమేమీ కాదు. సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఆదేశంతో, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలైంది. ఆ పథకంలో లోపాలు ఎన్నయినా ఉండవచ్చు. కానీ నియమం ప్రకారం అక్కడ ఏ పిల్లా ఏమీ తెచ్చి తన భోజనం సంపాదించుకోనక్కరలేదు. సర్కారు బడి వరండాలో పెట్టుకున్న నియమం మన హాల్లో ఎందుకు పెట్టుకోలేం?

ఏడో పుట్టినరోజుకు మేము కేకు మానేశాం. చాపలు పరిచి, అందరికీ అరిటాకుల్లో పులిహోర, పరమాన్నం వడ్డించాం. ఆ పిల్లను ఈసారి నేనే స్వయంగా పిలిచాను. రాలేదు.

"దానికేదో పని పడిందండీ" అంది వాళ్లమ్మ.

ఏడేళ్ల పిల్లకు ఏం పని పడిందని నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు.