ఫోన్ పక్కన పెట్టే తీరిక ఎవరికుంది?

కొన్నాళ్లు సోషల్ మీడియాకు దూరంగా ఉంటే మనసు తేలికపడుతుందని క్యాంపస్‌లలో ఇప్పుడు ఎవరిని కదిలించినా చెబుతున్నారు. 'డిజిటల్ డిటాక్స్' అని దానికో పేరు. కులం గురించి నాలుగు ముక్కలు రాసి రాత్రంతా బూతులు పడ్డ అమ్మాయికి గైడ్ ఇచ్చే సలహా కూడా అదే: 'కొన్నాళ్లు ఫేస్‌బుక్ మానెయ్యమ్మా, చదువు చూసుకో.' తిట్టినవాడికి మాత్రం విరామం తీసుకోమని ఎవరూ చెప్పరు.

విరామమే తప్పని నేననను. ఆ బూతులు చదివి నిద్రపట్టని రాత్రులు నాకూ ఉన్నాయి. నా పేచీ ఆ సలహా వెనకున్న లెక్కతో. మనం మానేస్తే మన సంగతి ఎవరు చెబుతారన్న ప్రశ్న అందులో లేదు.

సూరత్‌నే చూడండి. లింబాయత్, ఉధనా వైపు తెలంగాణ నుంచి తరాల క్రితం వలసపోయిన నేత కుటుంబాలున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడపాల్సినంత మంది. సాంచెల కార్ఖానాల్లో 12 గంటల షిఫ్టు. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్లయితే మెస్ గదుల్లో వంతులవారీగా పడుకుంటారు, ఒకరు లేచిన చోట ఇంకొకరు. ఇంటితో మాటకైనా, పని కబురుకైనా ఆ మనిషికి చేతిలోని ఫోనే దిక్కు.

2015 సెప్టెంబర్ 19న పాటీదార్ నాయకుడు హార్దిక్ పటేల్‌ను అదే సూరత్‌లో అదుపులోకి తీసుకుని, గుజరాత్‌లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆగస్టులోనూ రోజుల తరబడి ఆపారు. గొడవ ఆధిపత్య కులానిది, మూగబోయింది అందరి ఫోన్లు. 2016 ఫిబ్రవరి 28న ఇంకా విడ్డూరం: తలాటీ ఉద్యోగాల పరీక్షలో కాపీ కొడతారని నాలుగు గంటలు రాష్ట్రమంతా బంద్. ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఉన్నవాడికీ, ఫోన్ ఒక్కటే ఉన్నవాడికీ ఆ దెబ్బ ఒకటేనా? దీన్ని డిటాక్స్ అని ఏ ప్రొఫెసరూ మెచ్చుకోలేదు.

2020 మార్చి 2న ప్రధాని తన ఖాతాలు వదిలేద్దామనుకుంటున్నానని ట్వీట్ చేస్తే దేశమంతా అదే వార్త. మార్చి 8న ఏడుగురు స్త్రీలకు అప్పగించి మళ్లీ మామూలే. మానేస్తాననడమే వార్తయ్యే మనిషికి మౌనం వల్ల పోయేదేముంది?

మనకు పోయేది ఉనా చెబుతుంది. 2016 జూలై 11న చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కొట్టి, ఆ వీడియోను కొట్టినవాళ్లే గర్వంగా పంచుకున్నారు. అది మన ఫోన్లకు చేరాక కథ తిరగబడింది. సురేంద్రనగర్ కలెక్టరేట్ ముందు పశువుల కళేబరాలు పడ్డాయి. ఆగస్టు 15 నాటికి అహ్మదాబాద్ నుంచి పాదయాత్ర ఉనా చేరింది. ఆ వారం మనమంతా మనశ్శాంతి వెతుక్కుంటూ ఉంటే?

ఈ వేదికలు మనవని భ్రమ కూడా వద్దు. 2018 నవంబర్‌లో బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూల్చమన్న పోస్టర్‌ను ట్విటర్ అధిపతి పట్టుకున్న ఫోటోకే ఆ కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. చెప్పింది హైదరాబాద్‌లో పుట్టిన విజయ గద్దె. పోస్టర్ ఇచ్చిన సంఘపాలి అరుణ కూడా తెలుగు దళిత మహిళే! 1920లో 'మూక్‌నాయక్' ప్రకటనను డబ్బిస్తామన్నా 'కేసరి' వేయలేదు. అంబేద్కర్ అలిగి ఊరుకోలేదు, 1927లో 'బహిష్కృత్ భారత్' కూడా పెట్టారు.

అలసినవాళ్లు దిగండి, కానీ చెప్పకుండా మాయం కావద్దు. సంఘం పేజీ ఇంకొకరి చేతిలో పెట్టండి. బెదిరింపుల స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా దాచండి, రేపు అట్రాసిటీ ఫిర్యాదుకు అవే ఆధారం. మిమ్మల్ని తిట్టినవాళ్లకు ఈ నెల జవాబు ఎవరిస్తారో ముందే మాట్లాడుకోండి. గైడ్ అడిగితే చెప్పండి: 'నా షిఫ్టు అయిపోయింది సార్, వచ్చే నెల మళ్లీ నాదే.'