మీరెంత దూరంలో నిలబడతారు?

గట్టిమేళం మొదలైంది. పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. ఫొటోల పిచ్చి ఉన్న మేనమామేమో పందిట్లో ఓ పక్కన కూర్చుని కెమెరాకి లెన్సు మారుస్తున్నాడు. 90 విప్పి, 35 బిగించి, తలెత్తేసరికి మూడుముళ్లూ పడిపోయాయి!

రేంజ్‌ఫైండర్ కెమెరా కొన్నవాళ్లలో చాలామంది పడే పాట్లే ఇవి. 28, 35, 50, 90 మిల్లీమీటర్లు... అన్నీ ఉంటే ఏదీ మిస్సవ్వమనుకుంటారు. లైకా లాంటి కంపెనీ లెన్సు ఒక్కదాని ఖరీదుకి మంచి మోటార్‌సైకిల్ వస్తుంది. తీరా కొన్నాక నాలుగింట్లో మూడు బీరువాలోనే ఉంటాయి.

అసలు ఈ కెమెరా తీరే వేరు. ఎస్సెల్లార్‌లో లెన్సులోంచి వచ్చిన దృశ్యమే కంటికి కనిపిస్తుంది. ఇందులో పైనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. మధ్యలో రెండుగా కనిపించే బొమ్మని లెన్సు తిప్పి ఒకటిగా కలిపితే ఫోకస్ కుదిరినట్టు. లెన్సు మార్చినా కిటికీలో దృశ్యం మారదు. ఫొటోలో ఎంతమేర పడుతుందో చూపే తెల్లగీతల చట్రమే మారుతుంది. 90 పెడితే ఆ చట్రం మధ్యలో అగ్గిపెట్టెంత అయిపోతుంది. కొమ్మ మీది పిట్టని తీయాలనుకునేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది. 28 పెడితే గీతలు అంచులకి జరిగి, కళ్లజోడు వాళ్లకి సరిగ్గా ఆనవు. 1954లో వచ్చిన లైకా ఎం3లోనైతే 50, 90, 135లకే గీతలుండేవి. అందుకే ఎక్కువమందికి పంచాయితీ 35, 50 మధ్యే.

ఇక్కడ కొలవాల్సింది లెన్సుని కాదు, మనిషిని. ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ దాదాపు జీవితమంతా 50తోనే గడిపాడు. నాలుగడుగులు వెనక నిలబడి, అన్నీ కుదిరేదాకా కాచుకునే రకం. 1932లో ఇయేర్ పట్టణంలో మెట్ల పైనుంచి తీసిన సైకిలిస్టు ఫొటో చూస్తే ఆ ఓపిక తెలుస్తుంది. న్యూయార్క్ వీధుల్లో తిరిగిన గ్యారీ వినోగ్రాండ్‌ది పూర్తిగా ఎదురు దారి. 28 పెట్టుకుని జనంలోకి చొచ్చుకుపోయేవాడు. 1984లో పోయేనాటికి ఇంకా కడగని రీళ్లే దాదాపు 2,500 మిగిలాయంటే ఆ దూకుడు ఊహించుకోవచ్చు! ఇద్దరి లెన్సులూ తారుమారు చేసుంటే ఇద్దరూ ఇబ్బంది పడేవాళ్లే.

మరి మన సంగతి? పాత ఆల్బమ్ తీయండి. మీరు తీసిన ఫొటోల్లో పందిరి, అరుగు, చుట్టాలందరూ ఉంటే మీది 35 కన్ను. ముఖాలే నిండుగా ఉంటే 50. సెల్‌ఫోన్ ప్రధాన కెమెరా సాధారణంగా 24-28 దగ్గర ఉంటుంది. తీసిన ప్రతి ఫొటోనీ అంచులు కత్తిరించుకుంటున్నారా? మీకు 50 కావాలని అర్థం. డిజిటల్ కెమెరాలో చిన్న సెన్సర్ ఉంటే లెక్క మారుతుంది. ఎక్కువ కంపెనీల వాటిలో 35 లెన్సే 50లా పనిచేస్తుంది. ఏది తేలినా ఆర్నెల్లు దాన్ని విప్పకండి. ఎక్కడ నిలబడాలో కాళ్లకే అలవాటవుతుంది.

ఇక వెలుతురు మాట. 1.4 లెన్సులోకి 2 లెన్సు కన్నా రెట్టింపు వెలుతురు వస్తుంది. ధరా పెరుగుతుంది, లావూ పెరుగుతుంది, ఆ లావు కిటికీలో ఓ మూలని మూసేస్తుంది కూడా. పగలు వీధిలో తిరిగేవాళ్లకి 2 చాలు. 1948 జనవరి 30 రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర గాంధీజీ ఇక లేరని నెహ్రూ చెబుతుండగా బ్రెస్సన్ తీసిన ఫొటో మసగ్గానే ఉంటుంది. ఆ మసకే ఆ రాత్రిని పట్టిస్తుంది.

మనవరాలి ఫొటోల కోసమే కొనే తాతయ్యలకి మాత్రం ఒక మాట. లైకా ఎం కెమెరాల్లో కిటికీలోంచి ఫోకస్ 70 సెంటీమీటర్ల దాకానే కుదురుతుంది. పాత లెన్సులు కొన్నింటికైతే మీటరు దూరం కావాలి. 28 అయినా, 50 అయినా ఇంతే. ఒళ్లో ఉన్న పాపని ముందు బామ్మగారి చేతికివ్వాల్సిందే.